మన చెరువు నుంచి పోయే పిట్టల సంగతి



వలస అనే మాట వింటే మన హాస్టల్లో ఎవరికీ పిట్టలు గుర్తుకు రావు. మిరపకోతకు పోయిన అమ్మా నాన్నా గుర్తుకొస్తారు. కానీ సైన్సులో పక్షులు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి పోయి మళ్ళీ రావడాన్ని కూడా వలస అనే అంటారు. నేను రాసేది ఆ వలస గురించి. ఇది మార్చి నెల కాబట్టి ఇప్పుడే రాయాలి. ఏప్రిల్ ఆఖరుకైతే చూడటానికి చాలా పిట్టలు ఉండవు, సెలవులిస్తే మనమూ ఉండం.

చలికాలం మొదట్లో పక్షులు వచ్చాయని పేపర్లో ఫోటోలు వేస్తారు. వసంతకాలంలో అవి తిరిగి పోయేటప్పుడు మాత్రం ఎవరూ పట్టించుకోరు. నిజానికి వాటికి కష్టమైన పని అప్పుడే ఉంటుంది. తిని, బలిసి, రంగు మార్చుకుని, వేల కిలోమీటర్లు ఎగిరి, అక్కడికి చేరిన వెంటనే గూడు కట్టుకోవాలి.

ఫిబ్రవరిలో మమ్మల్ని కొల్లేరు టూరుకి తీసుకెళ్ళారు కదా. రాని వాళ్ళ కోసం కొంచెం చెబుతాను. కొల్లేరు మన ఏలూరు జిల్లాలోనే, కృష్ణా గోదావరి డెల్టాల మధ్యలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు అందులో కలుస్తాయి. ఎక్కువైన నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. 1999లో దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, అంటే రాంసార్ జాబితాలో చేర్చారు. కైకలూరు దగ్గర ఆటపాకలో పడవ ఎక్కాం. గూడబాతులు ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. ఒక్కోటి మన రెండో తరగతి పిల్లంత ఎత్తుంది. కింద ముక్కుకి సంచి వేలాడుతుంటుంది. ఎర్రకాళ్ళ కొంగలు కూడా ఉన్నాయి, వాటి తోక దగ్గర గులాబి రంగు పూసినట్టు ఉంటుంది.

పడవలో ఒకాయన "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవమ్మా" అన్నాడు. అందరూ అలాగే అంటారు. కానీ అది నిజం కాదు. మా సైన్సు సార్ తిరిగి వచ్చాక సలీం అలీ గారి పక్షుల పుస్తకం తీసి చదివి చెప్పారు. గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ, నత్తలు తినే చిల్లుముక్కు కొంగలూ మన దేశం పక్షులే. మన దేశం, శ్రీలంక, ఇంకా తూర్పున కొన్ని దేశాల్లో ఉంటాయి. నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి ఈ చెరువు నుంచి ఆ చెరువుకి తిరుగుతాయి. సైబీరియా మొహం అవి చూడలేదు.

మరి నిజంగా అంత దూరం నుంచి వచ్చినవి ఏవి? పడవలో ఎవరూ చూడనివి. ఒడ్డున బురదలో, బురద రంగులోనే, అటూ ఇటూ పరుగెత్తే చిన్న చిన్న ఉల్లంకులు. వాటిలో అన్నింటికంటే చిన్నదాన్ని ఇంగ్లీషులో లిటిల్ స్టింట్ అంటారట. దాని బరువు మూడు పది రూపాయల బిళ్ళలంత. అది గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ వలయం అవతల.

ఎంత దూరమో మనమే లెక్క కట్టొచ్చు. సోషల్లో చదివాం కదా, ఒక అక్షాంశానికీ ఇంకో అక్షాంశానికీ మధ్య దూరం 111 కిలోమీటర్లు. కొల్లేరు సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఆర్కిటిక్ వలయం 66.5 డిగ్రీలు. తేడా 50. 50 ని 111 తో గుణిస్తే 5,550 కిలోమీటర్లు. అది కూడా గీత గీసినట్టు తిన్నగా ఉత్తరానికి పోతే. మధ్యలో హిమాలయాలున్నాయి, ఎడారులున్నాయి, కాబట్టి ఇంకా ఎక్కువే అవుతుంది. మూడు బిళ్ళల బరువున్న పిట్ట ఏటా పోతుంది, వస్తుంది. ఇది నేను లెక్క చేసి మూడుసార్లు సరిచూశాను.

అసలు పక్షులు పోయేది ఎక్కడికో మనుషులకు ఎలా తెలిసింది? ఇది నాకు చాలా నచ్చిన కథ. పూర్వం యూరపులో చలికాలం రాగానే పిట్టలు మాయమైతే, అవి చెరువు అడుగున బురదలో పడుకుంటాయని కొందరు నమ్మేవాళ్ళు. అరిస్టాటిల్ అంతటివాడు కూడా ఒక జాతి పిట్ట చలికాలంలో ఇంకో జాతిగా మారిపోతుందని రాశాడు. 1822 మే నెలలో జర్మనీలో క్లూట్జ్ అనే ఊరి దగ్గర ఒక తెల్లకొంగ దొరికింది. దాని మెడలో 80 సెంటీమీటర్ల బల్లెం గుచ్చుకుని ఉంది. ఆ బల్లెం జర్మనీది కాదు, ఆఫ్రికాది! అంటే ఆ కొంగ చలికాలమంతా ఆఫ్రికాలో ఉండి, అక్కడ దెబ్బ తిని, బల్లెంతోనే వేల కిలోమీటర్లు ఎగిరి వసంతానికి ఇంటికి వచ్చిందన్నమాట. పాపం వచ్చాక ఇక్కడివాళ్ళు కాల్చేశారు. ఇప్పటికీ దాన్ని బల్లెంతో సహా రోస్టాక్ విశ్వవిద్యాలయంలో ఉంచారు. ఆ బల్లెం విసిరింది కూడా మన తాతల్లాంటి వేటగాడే అయ్యుంటాడని నేను అనుకుంటున్నాను. అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు. పండితులకు తెలియని సంగతి అతని బల్లెం చెప్పింది.

తర్వాత 1899లో డెన్మార్కులో మార్టెన్‌సెన్ అనే బడి పంతులు గోరింక జాతి పిట్టల కాళ్ళకు నంబరు వేసిన అల్యూమినియం రింగులు తొడిగాడు. రింగు ఉన్న పిట్ట ఎక్కడ దొరికితే అక్కడికి పోయినట్టు లెక్క. మన దేశంలో 1959 నుంచి బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు సలీం అలీ గారి ఆధ్వర్యంలో వేలాది పక్షులకు ఇలా రింగులు వేశారు. ఇప్పుడైతే వీపు మీద చిన్న యంత్రం పెడతారు, అది ఉపగ్రహానికి కబురు పంపుతుంది. 2022 అక్టోబరులో గాడ్విట్ అనే పక్షి అలాస్కా నుంచి టాస్మానియాకి 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా పోయింది. అప్పటికి దాని వయసు అయిదు నెలలు. దాని దగ్గరి చుట్టమైన నల్లతోక గాడ్విట్ చలికాలంలో మన కొల్లేరుకు వస్తుంది.

తిండి లేకుండా అన్ని రోజులు ఎలా ఎగురుతాయని శివరాత్రికి ఇంటికి పోయినప్పుడు మా తాతను అడిగాను. తాత బడికి పోలేదు. ఉచ్చులు వేయడం, బంక పెట్టి పిట్టలు పట్టడం తెలుసు. ఆయన చెప్పింది ఇది: "చెరువు పిట్టల్ని ఇప్పపూలు రాలే ముందు పట్టాలి. అప్పుడు చర్మం కింద పసుప్పచ్చగా కొవ్వు ఉంటుంది. పూలు రాలడం అయిపోయాక పోయి చూడు, ఒక్కటీ ఉండదు."

సరిగ్గా పుస్తకంలో ఉన్నదీ ఇదే! పోయే ముందు రెండు మూడు వారాలు పిట్టలు పొద్దస్తమానం తింటాయి. దూరం పోయే చిన్న పిట్టలు కొన్ని తమ బరువుకి రెట్టింపు అవుతాయి. 1 గ్రాము పిండిపదార్థం 4 కిలో కేలరీల శక్తి ఇస్తే, 1 గ్రాము కొవ్వు 9 ఇస్తుందని చదువుకున్నాం. మోయాల్సిన బరువు తక్కువ, వచ్చే శక్తి ఎక్కువ. ఆ కొవ్వే వాటి దారి సద్ది.

తాతకు ఈ మాట చెప్పాను. 1972 చట్టం ప్రకారం అడవి పక్షుల్ని వేటాడకూడదని కూడా చెప్పాను. తాత చాలాసేపు చుట్ట కాల్చి, "మరి చలికాలం మొదట్లో వచ్చేటప్పుడు సన్నగా ఉంటాయే, అప్పుడు పట్టి ఏం లాభం?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. తాతకు పిట్ట కూర, నాకు పిట్ట లెక్క. మా తమ్ముడి గులేరు మాత్రం నా పెట్టెలో పెట్టుకుని హాస్టలుకి తెచ్చేశాను.

ఎప్పుడు బయల్దేరాలో వాటికి పగటి పొడవు చెబుతుంది. మార్చి 21 దగ్గర పగలూ రాత్రీ సమానమవుతాయి కదా, ఆ తర్వాత పగలు పెరుగుతుంది. పగలు పెరిగే కొద్దీ ఒంట్లో హార్మోన్లు మారతాయి. పంజరంలో పెట్టిన వలస పిట్ట కూడా ఆ రోజుల్లో రాత్రిపూట నిద్రపోకుండా తాను పోవాల్సిన దిక్కుకే ఎగరాలని రెక్కలు కొట్టుకుంటుందట. చాలా పిట్టలు రాత్రి ప్రయాణం చేస్తాయి. దారి కోసం సూర్యుణ్ణీ, చుక్కల్నీ, భూమి అయస్కాంత శక్తినీ వాడుకుంటాయి.

ఇక్కడ బాగానే ఉంది కదా, ఎందుకు పోవడం అని ఏడో తరగతి చెల్లి ఒకామె అడిగింది. మంచి ప్రశ్న. ఎండాకాలంలో మన చెరువులు ఎండుతాయి. అదే సమయంలో ఉత్తరాన మంచు కరిగి ఎక్కడ చూసినా నీటి గుంటలు, వాటి నిండా దోమలు, పురుగులు. జూన్లో అక్కడ పొద్దు గుంకదు, కాబట్టి పిల్లలకు రాత్రీ పగలూ మేత పెట్టొచ్చు. చలి మొదలయ్యాక అంతా గడ్డకడుతుంది, మళ్ళీ మన దగ్గరికి వస్తాయి.

ఇక మన చెరువు సంగతి. బైనాక్యులర్ లేకపోయినా చూడొచ్చు. పొద్దున్నే తూర్పు గట్టు మీద కూర్చోండి, సూర్యుడు వీపు వైపు ఉంటే రంగులు బాగా కనబడతాయి. పావుగంట కదలకూడదు. ముందుగా తీతువు మిమ్మల్ని చూసి అరుస్తుంది, దాని అరుపుకి మిగతావి లేస్తాయి. అది ఊరుకున్నాక అన్నీ మళ్ళీ దిగుతాయి. ముక్కు చూడండి. పొట్టి ముక్కువి బురద పైపైన ఏరుకుంటాయి, పొడుగు ముక్కువి లోపలికి గుచ్చుతాయి. అందుకే ఒకే బురదలో అన్నీ తగువు లేకుండా తింటాయి. నీళ్ళ అంచున ఒంటరిగా, తోకభాగం ఎప్పుడూ పైకీ కిందకీ ఊపుతూ నడిచేది ఒక రకం ఉల్లంకి. అది హిమాలయాల వైపు, ఇంకా పైన కూడా గుడ్లు పెడుతుంది. పసుపు పొట్ట ఉన్న తోక ఊపే పిట్ట జనవరిలో వెలిసిపోయినట్టు ఉండేది, ఇప్పుడు చూడండి, పండుగకి పసుపు రాసుకున్నట్టు ఉంది. నీటికాకులు, కొంగలు, లకుముకిపిట్ట ఇక్కడివే, అవి పోవు.

చిన్న ఉల్లంకులకు లోతు నీళ్ళు పనికిరావు, చీలమండ దాటకూడదు. కొల్లేరులో చేపల చెరువులు తవ్వినచోట గట్లు నిటారుగా, నీళ్ళు లోతుగా ఉంటాయి. అక్కడ గూడబాతుకి చేప దొరుకుతుంది గానీ ఉల్లంకికి నిలబడే చోటు దొరకదు. అలాంటి చెరువుల్ని 2006లో ప్రభుత్వం చాలావరకు కొట్టేయించింది. మన చెరువులో అలాంటి బురద ఉన్నది ఒక్క తూము మూలనే.

ఇక్కడే చిక్కు వచ్చింది. బోరు నీళ్ళు తగ్గిన దగ్గర్నుంచి ఆదివారం బట్టలకు అందరం చెరువుకి పోతున్నాం. రేవు దగ్గర పెద్దవాళ్ళు ఉంటారని చిన్న చెల్లెళ్ళు తూము మూలకి పోతున్నారు. తప్పు వాళ్ళది కాదు, రేవులో చోటు చాలదు. కానీ వాళ్ళు దిగిన ప్రతిసారీ పిట్టలన్నీ లేచి ఆవలి గట్టుకి పోతున్నాయి. ఎగిరిన ప్రతిసారీ కొంత కొవ్వు ఖర్చు. పోయిన ఆదివారం పొద్దున 7 నుంచి 9 లోపల 11 సార్లు లేచాయి, నేను గీతలు పెట్టుకున్నాను. మూడు వారాలు తిని దాచుకునేది మనం రెండు గంటల్లో చల్లేస్తున్నాం.

అందుకని వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. ఏప్రిల్ 20 వరకు తొమ్మిది, పది తరగతుల వాళ్ళం శనివారం సాయంత్రం బట్టలు ఉతుక్కుంటాం. అప్పుడు ఆదివారం రేవు చిన్నవాళ్ళకే ఉంటుంది. పదో తరగతి అక్కలు పరీక్షలున్నాయని ఒప్పుకోలేదు, అది కూడా న్యాయమే. వాళ్ళ బకెట్లు నేనూ, మా గదిలో ఇంకో ముగ్గురమూ మోస్తామని చెప్పాం. ఇంకా మాట్లాడుతున్నాం.

ఈ ఆదివారం పొద్దున 6:30 కి తూర్పు గట్టు మీద లెక్క ఉంటుంది. వచ్చేవాళ్ళు నోటుపుస్తకం, పెన్సిల్ తెచ్చుకోండి, ఎర్ర రిబ్బన్లు వద్దు. తేదీ, టైము, ఎన్ని, ముక్కు ఎలా ఉంది, ఏం చేస్తోంది, ఇవి రాస్తే చాలు. పేరు తెలియకపోతే బొమ్మ గీయండి. పోయిన వారం చుక్కల వీపు ఉల్లంకులు 23 ఉన్నాయి. నిన్న సాయంత్రం చూస్తే 14. అన్నింటికంటే చిన్నవి మూడు వచ్చాయి, అవి ఎక్కడి నుంచో ఇటుగా పోతూ దిగినట్టున్నాయి. పొద్దు గుంకేదాకా తింటూనే ఉన్నాయి.