వార్ధక్యంలో కండబలం

మన ఇళ్ళలో అరవై ఏళ్ళు దాటిన పెద్దవారు నీళ్ళబిందె ఎత్తబోతే చిన్నవారు పరుగున వచ్చి అందుకొంటారు. “ఈ వయసులో మీకెందుకీ శ్రమ? కృష్ణా రామా అనుకుంటూ కూర్చోండి” అంటారు. ఈ మాటలో ప్రేమ, గౌరవం రెండూ ఉన్నాయి. అయితే శరీరధర్మాన్ని బట్టి ఆలోచిస్తే, ఇందులో తెలియక చేసే అపకారం కూడా కొంత ఉన్నది.

మానవదేహంలోని కండరాలు నడివయసు నుండే క్రమంగా క్షీణిస్తాయి. అరవై దాటిన పిమ్మట ఈ క్షయం వేగం పుంజుకొంటుంది. అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో దీనికి ‘సార్కోపీనియా’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఆ మాటకు ‘మాంసలేమి’ అని అర్థం. కండ తగ్గినకొద్దీ పీట మీద నుండి లేవడం, మెట్లెక్కడం, కాలు జారినప్పుడు నిలదొక్కుకోవడం కష్టమవుతాయి. ఒక్కసారి పడి తుంటి ఎముక విరిగితే, అంతవరకు తన పనులు తాను చేసుకొన్న మనిషి పరాధీనుడు కావచ్చు.

ఈ క్షయానికి వయసుతోపాటు శ్రమలేమి కూడా కారణమే. పని తగ్గిన కండ కరుగుతుంది, బరువు మోసిన కండ బలపడుతుంది. తొంభై ఏళ్ళ వయసులోనూ ఈ నియమం వర్తిస్తుంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో మరియా ఫియటరోన్ బృందం, వృద్ధాశ్రమంలో ఉంటున్న పదిమంది చేత ఎనిమిది వారాలపాటు కాళ్ళతో బరువులెత్తించింది. వారి సగటు వయసు 90 ఏళ్ళు. శిక్షణ పూర్తిచేసిన తొమ్మిదిమందిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో ప్రకటించింది. నూరుమందితో చేసి 1994లో వెలువరించిన పరిశోధన కూడా ఈ ఫలితాన్ని బలపరిచింది.

తెలుగునాట బలసాధన కొత్తది కాదు. తాలింఖానాలలో యువకులు దండీలు, బస్కీలు తీసేవారు. కోడి రామమూర్తి నాయుడు ‘కలియుగ భీముడు’గా ప్రసిద్ధి కెక్కాడు. రోకలి, తిరగలి స్త్రీల చేతులకు ప్రతిదినం వ్యాయామాన్నిచ్చేవి. నేడు ఆ పనులను యంత్రాలు చేస్తున్నాయి. కనుక పోయిన శ్రమకు బదులు వ్యాయామాన్ని మనమే కల్పించుకోవాలి.

అరవై అయిదేళ్ళు దాటినవారు వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఇందుకు ఖరీదైన సాధనాలు అవసరం లేదు. చేతుల ఊతం లేకుండా కుర్చీలో నుండి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం, నీరు నింపిన సీసాలను ఎత్తడం చాలు. తేలికగా అనిపించిన తరువాత బరువును కొద్దికొద్దిగా పెంచాలి. ఊపిరి బిగబట్టరాదు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. ఆహారంలో పప్పులు, పాలు, గుడ్లు వంటి మాంసకృత్తులు తగినంత ఉండాలి.

దీర్ఘాయువు అందరూ కోరుకొనేదే. ఆ ఆయువు ఒకరిపై ఆధారపడకుండా సాగాలంటే కాళ్ళలో, చేతులలో బలం నిలవాలి. పెద్దల బరువును పంచుకోవడం ఎంత సేవో, వారు మోయగల బరువును వారికి విడిచిపెట్టడం కూడా అంతే సేవ.