కుంటలో చేపలు: సందేహాలు - సమాధానాలు

మా నల్లరేగడి చేలో పది సెంట్ల కుంట తవ్వించాం. ఐప్పసి వానలకు నిండింది. ఎన్ని చేపపిల్లలు వదలమంటారు?
– ఒక రైతు, ఆలంగుళం

300 దాటనివ్వకండి. ఎకరాకు 2,000 నుంచి 4,000 పిల్లలు అన్నది మామూలు లెక్క. మీ వైపు కుంటలు ఈశాన్య రుతుపవనాల వానకు నిండి, చిత్తిరై ఎండలకు అడుగంటుతాయి. చేప పెరగడానికి దొరికేది ఐదారు నెలలే. అందుకే సన్నపిల్లలు వద్దు, బెత్తెడు దాటినవి తెచ్చుకోండి. కట్లా పైనీటిలో, రోహు నడుమ, మ్రిగాల అడుగున మేస్తాయి. మూడూ కలిపి వదిలితే ఒకదాని మేతకు ఇంకొకటి పోటీ రాదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి. అది తోటి చేపల్ని మింగేస్తుంది. దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది.

తెల్లవారుజామున చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. మేత చాలడం లేదా?
– ఒక పాఠకురాలు, కోవిల్‌పట్టి

మేత కాదమ్మా, వాటికి ఊపిరి చాలడం లేదు. నీటిలోని పచ్చనాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రంతా తానే వాడుకుంటుంది. వెంటనే మోటారు వేసి కుంట నీళ్ళనే పైనుంచి జల్లులా పడేట్టు కొట్టించండి. ఆ రోజు మేత, పేడ రెండూ ఆపండి. ఇకమీదట మధ్యాహ్నం పూట చెయ్యి నీళ్ళలో ముంచి చూస్తుండండి. మోచేయి మునగకముందే అరచెయ్యి కనబడకుండా పోతే నాచు ముదిరినట్టే, ఎరువు ఆపాలి.

సెలవులకొచ్చిన పిల్లలు గాలం వేస్తామంటున్నారు. చేపలకు దెబ్బా?
– ఒక తాతగారు, విరుదునగర్

వేయనివ్వండి, జాగ్రత్తలు మాత్రం నేర్పండి. తవుడు, వేరుశెనగ చెక్క కలిపిన ముద్దే మంచి ఎర. రోజూ మేత వేసే చోట, అదే వేళకు వేస్తే రోహు త్వరగా అందుకుంటుంది. గాలపుముల్లు మొనకున్న ఎదురుకొక్కేన్ని ముందే పట్టకారుతో నొక్కేస్తే నోరు చీలకుండా ఊడుతుంది. తిరిగి వదిలే చేపను తడిచేత్తోనే పట్టుకోవాలి. పొడిచేత్తో పడితే ఒంటిమీది జిగురు ఊడి పుండ్లు పడతాయి. చేపలు నోళ్ళు తెరిచిన రోజు గాలం వద్దు. కుంటగట్టు నిటారుగా ఉంటుంది, జారితే పైకి రాలేరు. పెద్దవాళ్ళు పక్కన లేకుండా పిల్లల్ని అటు పంపకండి.

చివరగా ముగ్గురికీ ఒక మాట: నీరు మీటరు లోతుకు దిగేలోపే వల లాగి చేపలన్నీ పట్టేయండి. ఆ తర్వాత ఎండకు కాగే నీటిలో వాటిని నిలబెట్టడం కష్టం.