తేలు కుట్టినప్పుడు కుట్టని చేయి చూడండి

ప్రశ్న: మాది ఇంద్రవెల్లి దగ్గర పల్లె. పత్తికట్టె మోస్తుంటే మా ఏడేళ్ల బాబును ఎర్రతేలు కుట్టింది. కాసేపు ఏడ్చి ఊరుకున్నాడు, తగ్గిందనుకున్నాం. గంటన్నరకు వాంతులు, ఒళ్లంతా చెమట. ఆదిలాబాద్ రిమ్స్‌లో చేర్పిస్తే బాగై వచ్చాడు. నాకు పోయినేడు మండ్రగబ్బ కుడితే రాత్రంతా అల్లాడాను గానీ ఏమీ కాలేదు. ప్రమాదమో కాదో ఇంట్లో ఎలా తెలుస్తుంది? తిమ్మిరెక్కితే విషం నరాలకు పాకినట్టేనా?

జవాబు: పాకినట్టు కాదు. కుట్టిన చోటు నుంచి పైకి తిమ్మిరి, జివ్వుమని లాగడం మామూలే, ఒకట్రెండు రోజులు ఉండొచ్చు. నొప్పిని బట్టి ప్రమాదాన్ని లెక్కగట్టకండి. నల్లగా పెద్దగా ఉండే మండ్రగబ్బ ఏడిపిస్తుంది, అంతే. ప్రాణం మీదికి తెచ్చేది చిన్నగా కనిపించే ఎర్రతేలు. దాని విషం నరాల్లో సోడియం దారులను మూసుకోనివ్వదు, దాంతో నరాలు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ముందు చెమట, చొంగ, వాంతులు. ఆ వెనకే బీపీ పెరిగి, గుండె అలసి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది.

తేలు కుట్టిన పిల్లాడిని తెస్తే నేను ముందు పట్టుకునేది కుట్టని చేతిని. వెచ్చగా, పొడిగా ఉంటే సగం బెంగ తీరినట్టే. చల్లగా, తడిగా ఉంటే వెంటనే బెడ్డు మీదికి. మగపిల్లల్లో అంగం గట్టిపడి అలాగే ఉండిపోవడం కూడా విషం ఒంటికెక్కిందనడానికి తొలి గుర్తు. తల్లిదండ్రులు సిగ్గుపడి ఇది చెప్పరు. దయచేసి చెప్పండి. పిల్లలు బాగానే ఉన్నట్టు కనిపించినా ఒక రోజు ఆస్పత్రిలో గమనించడం మంచిది.

అమెరికాలో అరిజోనా తేళ్లకు వైద్యులు నాలుగు మెట్ల కొలత వాడతారు. కళ్లు అదుపు తప్పి తిరగడం, మింగలేకపోవడం, కాళ్లూచేతులూ ఎగిరిపడటం అక్కడ పై మెట్లు. మన ఎర్రతేలుకు ఆ కొలత చాలదు, ఇక్కడ చూడాల్సింది గుండెను. మెదడు దెబ్బతినడం అరుదే గానీ లేకపోలేదు. మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక పక్క చేయీ కాలూ పడిపోయినా, మూర్ఛ వచ్చినా పక్షవాతమని అనుమానించి సీటీ స్కాన్ ఉన్న చోటికే పోవాలి.

ఇంకొకటి. రాత్రి కింద పడుకున్నవాళ్లు "ఏదో కుట్టింది, తేలే కావచ్చు" అంటారు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటే, మింగుడు పడకపోతే అది తేలు కాకపోవచ్చు. కట్లపాము కాటుకు నొప్పి ఉండీ లేనట్టుంటుంది.

ప్రశ్న: ఆస్పత్రిలో మా బాబుకు బీపీ మాత్ర ఇచ్చారు. తేలు విషానికి బీపీ మాత్ర ఏమిటి?

జవాబు: అది ప్రాజోసిన్. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ వైద్యాన్ని నిలబెట్టారు, 1986లో లాన్సెట్ పత్రికలో రాశారు. బిగుసుకున్న రక్తనాళాలను వదులు చేసి గుండె మీద భారం తగ్గిస్తుంది. ఇంట్లో దాచుకుని వేసుకునేది మాత్రం కాదు. ఇచ్చాక రోగిని లేపి నిలబెడితే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

ప్రశ్న: మా ఊళ్లో మంత్రం వేస్తే తగ్గుతుందిగా?

జవాబు: మండ్రగబ్బ నొప్పి కొన్ని గంటలకు దానంతటదే తగ్గుతుంది, పేరు మంత్రానికి పోతుంది. వేయించుకోవాలనుకుంటే 108 వచ్చేలోపు వేయించుకోండి. తాడు బిగించనివ్వకండి, బ్లేడుతో కోయనివ్వకండి.