చేతకానివాడిగా ఉండటమూ చేతనవ్వాలి

మాదాపూర్‌లో పదేళ్లు ఉద్యోగం చేసినవాణ్ని తీసుకెళ్లి చైనాలో ఓ చిన్న ఊళ్లో దింపితే మొదటి దెబ్బ ఫోన్ దగ్గరే తగులుతుంది. గూగుల్ రాదు, వాట్సాప్ రాదు. కూరగాయల బండి దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా డబ్బు వ్యవహారం దాదాపు అంతా వీచాట్, అలీపే యాప్‌లలోనే నడుస్తుంది. హోటల్లో కాకుండా అద్దె ఇంట్లో దిగితే 24 గంటల్లోగా స్థానిక పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని అక్కడి చట్టం. షాంఘైలో అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. చిన్న ఊళ్లో మాత్రం ఇంటి ఓనరే వెంటబెట్టుకుని తీసుకెళ్లాలి.

ఇక్కడ లక్షల్లో జీతం తీసుకునే మనిషి, అక్కడ పక్కింటావిడ చెబితే తప్ప ఉప్పు ప్యాకెట్టేదో పంచదార ప్యాకెట్టేదో తెలియని స్థితికి వచ్చేస్తాడు. చాలామంది ముడుచుకుపోయేది అప్పుడే. గది తలుపేసుకుని, ఆవకాయ సీసా ముందు పెట్టుకుని, వీపీఎన్‌లో తెలుగు సినిమాలు చూస్తూ గడువు పూర్తిచేసుకుని వచ్చేస్తారు. పాస్‌పోర్టు మీద ముద్ర ఉంటుంది కాబట్టి చైనాలో ఉన్నట్టు లెక్క.

తెలివి చాలక ఇలా జరగదు. ఇంకొకర్ని అడిగే అలవాటు తప్పడం వల్ల జరుగుతుంది. ఆ అలవాటు తప్పించేది మన ఐటీ కారిడారే. 1998 నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి చుట్టూ బండరాళ్లూ పల్లెలూ. నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం, ఖాజాగూడ అప్పటికి ఊళ్లు. ఆ ఊళ్లు పూర్తిగా ఎక్కడికీ పోలేదు. ఆషాఢం వచ్చిందంటే అద్దాల మేడల పక్క సందుల్లోంచి బోనాలు బయల్దేరతాయి. పద్దెనిమిదో అంతస్తులో ఉండేవాడికి మాత్రం ఆ పూట ట్రాఫిక్ ఆగిందని తెలుస్తుంది, అంతే. పాలు యాప్‌లో వస్తాయి, కూర యాప్‌లో వస్తుంది, క్యాబ్ డ్రైవర్‌తో ఓటీపీకి మించి మాట అక్కర్లేదు. ఎవర్నీ ఏదీ అడక్కుండా నెల గడిచిపోతుంది. దీన్ని మనం సౌకర్యం అంటున్నాం. నిజంగా సౌకర్యమే. కాకపోతే పదేళ్లు అలా బతికినవాడికి సాయం అడగాలంటే నామోషీగా ఉంటుంది.

అడిగి నేర్చుకునే విద్యలో ఆరితేరినవాళ్లు కూడా ఇదే రోడ్ల మీద ఉన్నారు. ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చి మన టవర్లు కట్టే కుర్రాళ్లు. సాయంత్రం కొండాపూర్‌లో ఏ కిరాణా కొట్టు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. సిమెంటు చేతులతో వచ్చిన పిల్లాడు డబ్బా వైపు వేలు చూపించి, ‘అన్నా, గిది ఏమంటరు?’ అని అడుగుతాడు. కొట్టాయన చెబుతాడు. వీడు పలుకుతాడు. కొట్టాయన పగలబడి నవ్వి, ‘మల్లోసారి అను’ అంటాడు. వీడూ నవ్వి మళ్లీ అంటాడు. తనను చూసి నవ్వినా వాడికి చిన్నతనం లేదు. ఆ నవ్వుతోనే మర్నాటికి అప్పు కూడా పుడుతుంది. ఆ పక్కనే చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఒకాయన స్కాన్ చేసి, తల ఎత్తకుండా వెళ్లిపోతాడు. ఇద్దరిలో చైనా పల్లెకు ఎవరిని పంపాలంటే నేను మొదటివాణ్నే పంపుతాను.

తెలుగు నేత కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డ షోలాపూర్‌లో 1910లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ ఇలాంటి మనిషే. 1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్ల బృందంతో యుద్ధంలో ఉన్న చైనాకు వెళ్లాడు. మిగతా నలుగురూ తిరిగొచ్చారు, ఆయన ఉండిపోయాడు. ఉత్తర చైనా పల్లెల్లో వైద్యం చేస్తూ, అక్కడి భాష నేర్చి, ఆ భాషలోనే విద్యార్థులకు పాఠాలు చెప్పే దాకా వెళ్లాడు. 1941లో ఆ ప్రాంతంలోని బెథూన్ ఆసుపత్రికి అధిపతి అయ్యాడు, అక్కడి నర్సును పెళ్లాడాడు. మరుసటేడు డిసెంబర్‌లో 32 ఏళ్లకే పోయాడు. సేవాగుణం గురించి అందరూ చెబుతారు. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే. పట్టా పుచ్చుకున్న డాక్టరు, తన రోగుల ముందే తప్పులు మాట్లాడుతూ, దిద్దించుకుంటూ ఎన్ని నెలలు గడిపి ఉంటాడు!

చైనా చిన్న ఊళ్లలో పరాయివాడు కనబడితే జీతమెంత, పెళ్లయిందా, పిల్లలెందుకు లేరు అని మొహం మీదే అడుగుతారు. మన పల్లెల్లో పెద్దమ్మలు అడగరూ? అలాగే. గచ్చిబౌలి మర్యాదల ప్రకారం అది తప్పు. అక్కడ పరిచయానికి అదే దారి. నొచ్చుకోకుండా జవాబు చెప్పి, మీ అబ్బాయికెంత అని తిరిగి అడిగితే సగం పని అయిపోయినట్టే. శాకాహారులకు ఇంకో చిక్కుంది. మాంసం వద్దంటే ముక్కలు ఏరేసి, ఆ పులుసే పోసి పెట్టడం మామూలు. చిన్న హోటళ్లలో కూరగాయలు ఎదురుగానే పేర్చి ఉంటాయి, వేలు పెట్టి ఇదీ అదీ అని చూపించి వేయించుకోవచ్చు. రోజూ అదే హోటల్‌కి వెళ్లాలి. వారం తిరిగేసరికి వంటాయనే గుర్తుపెట్టుకుంటాడు.

విదేశీ పోస్టింగ్‌కి ముందు ఆఫీసులో రెండు గంటల శిక్షణ ఉంటుంది. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలని నేర్పుతారు. మంచిదే. పంపాల్సినవాళ్ల జాబితా రాసేటప్పుడు మేనేజర్లు కోడ్ ఎవరు బాగా రాస్తారో చూస్తారు. క్యాంటీన్‌లో రోజూ వడ్డించే అబ్బాయిది ఏ ఊరో మీలో ఎవరికి తెలుసని కూడా ఒకసారి అడిగి చూడొచ్చు.