పాత స్పోర్ట్స్ కారు, బేరింగు భయం

ప్రశ్న: 2003 నాటి పాత పోర్షా బాక్‌స్టర్ కొనేవారు ఇంజన్ బేరింగు గురించి ఎంతవరకు భయపడాలి?
– ఒక పాఠకుడు, బండ్రి (బళ్ళారి జిల్లా)

జవాబు: ఈ కారు ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్టు తిప్పగా తిరుగుతూ, క్యామ్‌షాఫ్టుల గొలుసులను నడిపే మధ్యస్థ షాఫ్టును ఒక చివర మోసే బాల్ బేరింగులోకి సీలు దాటి ఇంజన్ ఆయిలు చొరబడి, లోపలి గ్రీజును క్రమంగా కడిగివేస్తుంది. అరిగిన ఆ బేరింగు విరిగితే, వాల్వులు తెరుచుకునే వేళ తప్పి, పిస్టన్లు వాటిని ఢీకొని ఇంజన్ మొత్తం పాడవుతుంది. 2000–2005 మధ్య ఎక్కువగా వాడిన ఒంటివరుస బేరింగుకే ఈ ముప్పు అధికం. 2009 నమూనాల కొత్త ఇంజన్లలో ఆ షాఫ్టే లేదు. మీ సండూరు ప్రాంతపు ఖనిజ ధూళి ఎయిర్ ఫిల్టరుకు పరీక్షే గాని, దీనికి మూలకారణం కాదు.

కొనేముందు ఆయిల్ ఫిల్టరును కోసి, లోహపు రజను ఉందేమో చూడాలి. గేర్‌బాక్సు ఎలాగూ విప్పవలసిన క్లచ్ మార్పిడి సమయంలోనే బేరింగునూ మార్పించడం పొదుపు. ఫిల్టరు తనిఖీకి ఒప్పుకోని అమ్మకందారు వద్ద కారు కొనకపోవడమే మేలు.