విజయనగర రాజధాని – సింహాద్రినాథుని సన్నిధి

అనకాపల్లి ప్రాంతపు వైష్ణవ కుటుంబములకు సింహాచల యాత్ర తరతరాల ఆచారము. అక్షయ తృతీయనాడు చందనము తొలగిన స్వామి నిజరూపమును సేవించి మరలు భక్తులలో, ఆ ఆలయ శిలలపై ఒక మహానగర చరిత్రయు లిఖింపబడి యున్నదని ఎరిగినవారు కొందరే. ఆ నగరము తుంగభద్రా తీరమందలి విజయనగరము. ఉత్తరాంధ్రమున అదే పేరు గల పట్టణము వేరు.

1336లో వెలసిన ఆ రాజధానికి నిజమైన ప్రభువు పంపాతీరవాసియగు విరూపాక్షుడు. రాజు ఆయన ప్రతినిధి. అందుచేతనే రాజశాసనములు “శ్రీ విరూపాక్ష” అను చేవ్రాలుతో ముగిసెడివి. రాజమందిరముల నడుమ హజార రామాలయము వెలసినది. దాని గోడలపై రామాయణ గాథ, ప్రాకారముపై ఏనుగులు, గుఱ్ఱములు, నర్తకుల వరుసలు మలచబడినవి. ఏలెడివాడు రామరాజ్యమును నిత్యము కన్నులయెదుట నిలుపుకొనవలెనని ఆ నిర్మాణము బోధించుచున్నది.

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గమును జయించి, అచ్చటి బాలకృష్ణమూర్తిని రాజధానికి గొనివచ్చి 1515లో ప్రతిష్ఠించెను. అచట దైవమే నగరమునకు వేంచేసినాడు. మరుసటి యేడు కళింగ దండయాత్రలో జరిగినది వేరు. సింహాచలము నాడు ప్రతాపరుద్ర గజపతి ఏలుబడిలోని క్షేత్రము. శత్రురాజ్యపు ఆలయమున జయించినవాడు దోచుకొనలేదు, సమర్పించుకొనెను. 1516 నాటి శాసనము రాయలు 991 ముత్యముల హారము మున్నగు ఆభరణములను స్వామికి అర్పించినట్లు తెలుపుచున్నది. దేవేరులు చిన్నాదేవి, తిరుమలదేవి కూడ కానుకలర్పించిరి. 1519లో రాయలు మరల దర్శనమునకు వచ్చెను. ఇచట నగరమే దైవము కడకు నడచివచ్చినది.

1565లో రాక్షసి–తంగడి యుద్ధానంతరము ఆ రాజధాని పాడుపడినది. తిరుమలరాయలు పెనుగొండకు తరలిపోయెను. రాజమందిరములలో అనేకము పునాదులుగా మిగిలినవి. మహర్నవమి దిబ్బపై నేడు కొలువు లేదు. కాని విరూపాక్షునకు నిత్యపూజలు నేటికిని జరుగుచున్నవి. తిరుమల ఆలయమున ప్రవేశించు యాత్రికునకు, ఇరువురు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన రాయల లోహమూర్తి నేటికిని కానవచ్చును.

తనకై కట్టుకొన్నది కూలినది. స్వామికి అర్పించినది నిలిచినది. సింహాచలమున శాసనముల యెదుట ఒక్క క్షణము నిలిచిన భక్తునకు, చక్రవర్తి సైతము ఈ గడపయొద్ద సేవకుడే యను సత్యము అవగతము కాగలదు. కానుక 991 ముత్యములైనను, ఒక్క తులసిదళమైనను, స్వామి చూచునది సమర్పణ బుద్ధినే.