చేతితో చేసిన పండుగ కార్డు – ఒక పరిశీలన

మానవుడు సంఘజీవి. తన సంతోషాన్ని తానొక్కడే అనుభవించి తృప్తి పడలేడు. రంజాను పండుగనాడు షీర్ ఖుర్మా గిన్నె గోడ దాటి పక్కింటికి వెళుతుంది. ఉగాదినాడు పచ్చడి గిన్నె ఆ గోడమీదుగానే తిరిగి వస్తుంది. కాని ఊరు దాటి, సముద్రం దాటి బ్రతుకుతున్న ఆత్మీయునికి మనం ఏమి పంపగలం? ఈ ప్రశ్నకు సమాధానంగా పుట్టినదే శుభాకాంక్షల పత్రం. వాడుకలో దానినే గ్రీటింగు కార్డు అంటున్నాము. దాని పుట్టుకను, తయారీ విధానాన్ని, రెండు భాషలవారు కలిసి చదువుకొనే మనవంటి కళాశాలలో దానికి గల ప్రత్యేక ప్రయోజనాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

పుట్టుక

కార్డు చరిత్ర తపాలా చరిత్రతో ముడిపడి ఉన్నది. దూరాన్నిబట్టి ఉత్తరానికి సుంకం వసూలు చేసిన రోజులలో కేవలం శుభాకాంక్షలు చెప్పడానికి జాబు వ్రాయడం సామాన్యునికి అందుబాటులో లేని విలాసం. 1840లో బ్రిటనులో దేశమంతటికీ ఒకే పెన్నీ తపాలా అమలులోకి వచ్చింది. ఆ సంస్కరణకు తోడ్పడిన హెన్రీ కోల్ 1843లో జాన్ హార్స్‌లీ అనే చిత్రకారునిచేత క్రిస్మసు కార్డు గీయించి, అచ్చువేయించి, చేతితో రంగులు దిద్దించాడు. ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మాడు. అచ్చు కార్డుగా ప్రసిద్ధి పొందిన ఆ మొదటి క్రిస్మసు కార్డు మీది రంగులు కూడా చేతితో వేసినవే అన్న సంగతి గమనింపదగినది.

మన దేశంలో 1854లో దూరంతో నిమిత్తం లేకుండా అర్ధణా తపాలా ఏర్పడింది. 1879లో పావు అణా పోస్టుకార్డు వచ్చింది. రైలుమార్గాలు విస్తరించాయి. చదువుకోసం, కొలువుకోసం ఊళ్లు విడిచి వెళ్లేవారు పెరిగారు. అచ్చుకూటాలు వెలిశాయి. ఈ కారణాలన్నీ కలిసి 19వ శతాబ్దం చివరి కాలంలో ఈద్ కార్డుకు దారి తీశాయి. తొలి రోజులలో ఐరోపానుండి వచ్చిన బొమ్మల కార్డులమీదనే ఉర్దూలో ఈద్ ముబారక్ అని అచ్చువేసి అమ్మేవారు. కొంతకాలానికి మసీదు గోపురాలు, నెలవంక, కౌగిలించుకొనే మిత్రులు బొమ్మలుగా గల కార్డులు ఇక్కడనే తయారయ్యాయి. తెలుగు దేశంలో సంక్రాంతికి, ఆంగ్ల సంవత్సరాదికి కార్డులు పంపడం ఇటువంటి ఆచారమే.

తంతి కూడా ఈ పనికి ఉపయోగపడింది. తపాలా కార్యాలయంలో శుభాకాంక్షల వాక్యాలకు సంఖ్యలు ఉండేవి. దీపావళి శుభాకాంక్షలకు 1, ఈద్ ముబారక్‌కు 2. సంఖ్య చెబితే చాలు, వాక్యం చేరేది. 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. నేడు ఆ పనిని చేతిఫోను చేస్తున్నది. ఒకే బొమ్మను వేలితో ఒకసారి నొక్కి వందమందికి పంపవచ్చును. వేగంలో దానితో పోటీ పడగలిగినది లేదు. కాని ఆ వందమందిలో ఒక్కొక్కరిని మనం ఎంతసేపు తలచుకొన్నాము? చేతితో కార్డు చేసే వ్యక్తి ఒక గంటసేపు ఒక్క మనిషిని తలచుకొంటూ కూర్చుంటాడు. చేతిపనికి విలువ అక్కడ ఉన్నది.

దీనికి చక్కని నిదర్శనం ఒకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం చెకోస్లోవేకియాలోని ఒక పల్లెకు యునిసెఫ్ సహాయం అందింది. జిట్కా సామ్‌కోవా అనే ఏడేండ్ల బాలిక కృతజ్ఞతగా బొమ్మ గీయదలచింది. కాగితం దొరకక గాజుపలకమీద గీసింది. 1949లో యునిసెఫ్ తన మొదటి కార్డుగా అచ్చువేసినది ఆ బొమ్మనే. పిల్ల దగ్గర కాగితం లేకపోయినా చెప్పవలసిన మాట ఉన్నది. కార్డుకు మొదట కావలసినది ఆ మాటయే.

తయారీ విధానం

విద్యార్థుల ఉపయోగార్థం తయారీ విధానాన్ని క్లుప్తంగా వివరిస్తాము.

మొదటిది కాగితం. దళసరి డ్రాయింగు కాగితం శ్రేష్ఠం. యంత్రంతో చేసిన కాగితానికి కొయ్యకు ఉన్నట్లే పోగు వాలు ఉంటుంది. కాగితాన్ని మడత పెట్టకుండా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూడవలెను. ఏ వైపు తేలికగా వంగునో ఆ వైపే మడవవలెను. ఎదురు వాలున మడిచిన కార్డు అంచు చిట్లిపోతుంది. మడవబోయే చోట స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో గీత లాగితే మడత నిటారుగా వస్తుంది.

రెండవది అలంకరణ. దక్కనులో దీనికి గొప్ప సంప్రదాయం ఉన్నది. రంగులను నీటిమీద తేల్చి, ఆ తరగలను కాగితంపైకి ఎత్తే పద్ధతిని అబ్రీ అంటారు. 17వ శతాబ్దంలో బిజాపూరు చిత్రకారులు ఈ కాగితంతో అపురూపమైన చిత్రాలు రచించారు. విద్యార్థులకు సులభమార్గం ఒకటి చెబుతాము. వెడల్పు పళ్లెంలో నీరు పోసి, టర్పెంటైనుతో పలుచన చేసిన ఆయిల్ పెయింటు నాలుగు చుక్కలు వేసి, పుల్లతో మెల్లగా కదిపి, కాగితాన్ని నీటిపై పరచి ఎత్తవలెను. గాలి వచ్చే చోటనే, నిప్పుకు దూరంగా ఈ పని చేయవలెను. ఏ రెండు కార్డులూ ఒకే విధంగా రావు. అదే దాని అందం.

మూడవది జిగురు. మైదాపిండిని నీటిలో ఉడికించిన జిగురు చాలును.

నాలుగవది తేదీ. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం కనుక సౌర సంవత్సరంకంటె సుమారు 11 రోజులు తక్కువ. అందువలన రంజాను దాదాపు 33 ఏండ్లలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. 2000వ సంవత్సరంలో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి ఈదుల్ ఫితర్ వచ్చింది. పండుగ ఏ రోజన్నది నెలవంక దర్శనంతోగాని తేలదు. కనుక కార్డులో ఆంగ్ల తేదీ వేయక, షవ్వాల్ అని, హిజ్రీ సంవత్సరం అని వ్రాయడమే మేలు. తపాలాలో మాత్రం వారం రోజులు ముందుగానే వేయవలెను.

రెండు లిపులు, ఒక కార్డు

2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాను పండుగ వచ్చాయి. 2025లో మార్చి 30న ఉగాది, మరునాడే రంజాను పండుగ. 2024లో ఆ సామీప్యాన్ని ఆధారం చేసికొని, తెలుగు, ఉర్దూ శాఖల అధ్యాపకులమైన మేము విద్యార్థులచేత రెండు భాషలలోను కార్డులు చేయించ సంకల్పించాము. పని తేలిక అనుకొన్నాము. మొదటి రోజుననే చిక్కు వచ్చిపడింది.

తెలుగు ఎడమనుండి కుడికి నడుస్తుంది. ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తుంది. తెలుగు పుస్తకానికి కుట్టు ఎడమవైపు, ఉర్దూ పుస్తకానికి కుడివైపు. మా తెలుగు విద్యార్థి చేసిన కార్డును ఉర్దూ విద్యార్థి చేతికిస్తే, అతడు అలవాటు చొప్పున త్రిప్పి వెనుక అట్టను ముఖపత్రమనుకొన్నాడు. అక్కడ ఏమీ లేదు. "ఖాళీ కార్డు ఇచ్చావేమి?" అని అడిగాడు. అందరూ నవ్వినారు గాని, ఆలోచింపవలసిన విషయమే.

పరిష్కారం విద్యార్థులే కనుగొన్నారు. కాగితాన్ని నడిమికి ఒక్కసారిగా మడవక, రెండు చివరలను నడిమికి మడిచి, తలుపు రెక్కలవలె చేశారు. 297 మిల్లీమీటర్ల పొడవు గల కాగితానికి ఒక్కొక్క రెక్క సుమారు 74 మిల్లీమీటర్లు అవుతుంది. ఎడమ రెక్క తెలుగు పుస్తకంవలె తెరుచుకొంటుంది, కుడి రెక్క ఉర్దూ పుస్తకంవలె తెరుచుకొంటుంది. దేనిమీద దాని లిపి. రెండు రెక్కలూ తెరిస్తే నడుమ ఒకే బొమ్మ.

అక్షరాల దగ్గర ఇంకా నేర్చుకొన్నాము. నస్తాలీఖు లిపిలో కొలత నుక్తా, అనగా కలం పాళీతో పెట్టిన చుక్క. అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. ఈద్ ముబారక్ అన్న మాటలలో 'యే' అక్షరం క్రింద రెండు చుక్కలు, 'బే' క్రింద ఒకటి. తెలుగు విద్యార్థి ఒకడు అందం కోసం 'బే' క్రింద కూడా రెండు పెట్టాడు. అది 'యే'గా మారి, మాట అర్థహీనమైనది. ఉర్దూ విద్యార్థిని ఒకతె శుభాకాంక్షలు అని వ్రాయబోయి 'శుబాకాంక్షలు' అని వ్రాసింది. భకారం ఎంత చెప్పినా ఆమెకు పట్టుబడలేదు. ఉర్దూ అధ్యాపకులు ఒక్క మాట అన్నారు: "నీవు 'బే' ప్రక్కన దో చష్మీ 'హే' వ్రాస్తావు గదా, తెలుగువారు దానినే బకారం క్రింద చిన్న గీతగా వ్రాస్తారు." ఆమె మరల పొరపాటు చేయలేదు. కలం, కాగితం, జవాబు అన్న మాటలు రెండు భాషలలోను ఉన్నవే. చేతిలోని పనిముట్ల పేర్లు కలిసినపుడు, పని కలవడం కష్టం కాదు.

ఒక కార్డు కథ

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకతె ఒక పాత బిస్కట్ల డబ్బా తెచ్చి మాకు చూపింది. అది ఆమె తాతగారిది. ఆయన 1980 దశకంలో గల్ఫు దేశంలో పని చేసేవారట. డబ్బాలో ఆయనకు ఇంటినుండి వచ్చిన ఈద్ కార్డులు ఉన్నవి. వాటిలో ఒకటి నోటుపుస్తకం అట్ట చించి చేసినది. రంగు పెన్సిలుతో మసీదు, వంకరగా నెలవంక, క్రింద రెండు వరుసల ఉర్దూ. అది ఆమె తండ్రి ఎనిమిదేండ్ల వయసులో వ్రాసినది. ఆమె చదువంతా తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో సాగింది. ఇంట మాట్లాడే భాష ఉర్దూయే అయినా, ఆ లిపి రాదు. తండ్రిని అడిగితే, "చిన్ననాటి పిచ్చిరాతలమ్మా" అని నవ్వి తప్పించుకొన్నారట.

ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న సహపాఠి ఆ వరుసలు చదివి వినిపించింది. "అబ్బా, ఈ ఈద్‌కు కొత్త చెప్పులు వద్దు. మీరు వస్తే చాలు" అని ఉన్నది. తరగతిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ పిల్ల ఆ వారమంతా సహపాఠి ప్రక్కన కూర్చుండి, అక్షరం వెంట అక్షరం దిద్దుకొని, తండ్రికి ఒక కార్డు తయారుచేసింది. పండుగ తరువాత కార్డుల ప్రదర్శనకు దానిని తిరిగి తెచ్చింది. నల్లసిరాతో ఆమె వ్రాసిన మాటలలో ఒక 'బే' క్రింద చుక్క మాత్రం నీలిరంగులో ఉన్నది. ఇదేమని అడిగాము. "నేను మరచిపోయాను, సార్. అబ్బా చదువుతూ చదువుతూ జేబులోని పెన్ను తీసి పెట్టారు. తరువాత ఆ పాత కార్డు తెమ్మన్నారు. తానే చదివి వినిపించారు" అన్నది.

ప్రదర్శనలో దానికన్న అందమైన కార్డులు చాలా ఉన్నవి. బహుమతి కూడా వేరొకదానికి వచ్చింది. కాని మేము ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ నీలిచుక్క.

ముగింపు

ఒక ఇంటిలో ఒక తరం వ్రాసినది తరువాతి తరం చదువలేకపోవడం చిన్న నష్టం కాదు. మాట్లాడే భాష నిలిచినా, లిపి జారిపోతే డబ్బాలోని జాబులు మూగవవుతాయి. ఇది ఉర్దూకే పరిమితమైన ఆపద కాదు. ఇంగ్లీషు చదువులలో పడి తెలుగు వ్రాయలేని తెలుగు బిడ్డలూ మా తరగతులలో ఉన్నారు. ఒకనాడు ఉర్దూ పత్రికలు కాతిబుల చేతివ్రాతనుండియే అచ్చయ్యేవి. 1981లో నస్తాలీఖు కంప్యూటరులోకి వచ్చిన తరువాత ఆ వృత్తి క్రమంగా క్షీణించింది. హైదరాబాదు ఛత్తా బజారులో వివాహ పత్రికల దుకాణాలకు పేరున్నది. ఆ వీధి పేరుతోనే కాతిబుల పేరూ వినబడేది. యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు. ఆ చేతులు ఉన్నంతలోనే వారినుండి నేర్చుకొనడం మన కర్తవ్యం.

కనుక కళాశాల పాలకవర్గానికి మూడు మనవులు చేస్తున్నాము. పండుగలకు ముందు నెలరోజులపాటు వారానికి ఒక గంట లిపి అభ్యాసానికి కేటాయించవలెను. తెలుగువారు ఉర్దూ, ఉర్దూవారు తెలుగు దిద్దవలెను. వృద్ధుడైన కాతిబు ఒకరిని గౌరవ వేతనంపై పిలిపించవలెను. విద్యార్థుల ఇండ్లలోని పాత కార్డులను, వారి అనుమతితో నకళ్లు తీయించి, గ్రంథాలయంలో ఒక బీరువా అరలో భద్రపరచవలెను. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం.

విద్యార్థినీ విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. ఈసారి పండుగకు ఫోనులో వందమందికి పంపండి, తప్పులేదు. కాని ఒక్కరికి మాత్రం చేతితో చేయండి. వీలైతే వారు చదువుకొన్న లిపిలో వ్రాయండి. తప్పులు వస్తాయేమోనని వెనుదీయవద్దు. ప్రేమతో చదివేవారు తప్పిన చుక్కను తామే పెట్టుకొంటారు.